దీపం చెప్పని గాలి

పోయిన నెల కమాన్‌పూర్ దిక్కు ఒక సర్కారు బడికి పోయాను. రిటైరై చాలాకాలమైనా నాకీ తిరుగుడు తప్పలేదు. ఎవరైనా పిలవడమే ఆలస్యం, గుడ్డసంచి భుజాన వేసుకుని బస్సెక్కుతాను. సంచిలో ఉండేవి రెండు బెలూన్లు, ఒక అయస్కాంతం, గాజు గిలాస, కొవ్వొత్తి, స్టీలు చెంచా, ఇంత దారం, ఒక బొగ్గు పెల్ల. పిల్లలకు ఫిజిక్సు చెప్పడానికి ఇంతకుమించి ఏమీ అక్కర్లేదని నా మొండి నమ్మకం. చెంచా గుంటలో మొహం తలకిందులుగా ఎందుకు కనిపిస్తుందో తెలిసిన పిల్లకు, ఆకాశాన్ని చూసే పెద్ద దుర్భిణి సగం తెలిసినట్టే. నీళ్ళ గిలాసను అట్టముక్కతో మూసి బోర్లించినప్పుడు నీళ్ళు పడకపోతే "మంత్రం మేడం" అని అరిచే పిల్లలంటే నాకు ప్రాణం. మంత్రం లేదు, గింత్రం లేదు, గాలి కిందినుంచి నొక్కి పట్టుకుంది, అదే గాలి మీ నెత్తిన కూడా బరువు పెడుతూనే ఉంది అంటే అందరూ ఒక్కసారి నెత్తి తడుముకుంటారు. ఆ తడుముకోవడం చూడడానికే ఈ మోకాళ్ళ నొప్పులతో ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాను.

ఆ రోజు క్లాసు మధ్యలో ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీ రెక్కలు గలగలలాడాయి. పిల్లలు కన్నార్పలేదు, వాళ్ళకది రోజూ ఉండేదే. నేను ఊరుకోలేదు. ముందు కాలికింద నేల వణికిందా, ముందు చప్పుడు వినపడిందా అని అడిగాను. నేలే అన్నారు. ఎందుకంటే చప్పుడు గాలిలో కంటే రాతిలో జోరుగా పరుగెత్తుతుంది. ఆ మాట నుంచి బొగ్గు పెల్లకు, అందులో దాగిన ఎప్పటిదో ఎండకు, ఆ ఎండ పుట్టిన సూర్యుడికి, అక్కడి నుంచి నక్షత్రాల గుంపులకు వచ్చాం. ఆ గుంపులు ఎంత జోరుగా తిరుగుతాయంటే, కనిపించే నక్షత్రాల బరువొక్కటే అయితే ఎప్పుడో చెదిరిపోవాలి. చెదరడం లేదు కాబట్టి, కంటికి కనిపించనిదేదో వాటిని పట్టి ఉంచుతున్నదని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "దీపం పెట్టి చూసినా కనపడదా మేడం?" అంది. క్లాసంతా నవ్వింది. "దీపానికి కనపడని గాలి కూడా ఉంటది బిడ్డా" అన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్ని, బోర్డు దగ్గర చాక్‌పీస్ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. గంట కొట్టి నన్ను కాపాడారు.

ఆ పిల్ల అడిగిన దీపం మా బాపు దీపం. మా బాపు, అంటే మా నాన్న, గోదావరిఖని బొగ్గుబాయిలో సర్దార్. సర్దార్ అంటే తన కిందికి వచ్చే జాగాలో కార్మికులకంటే ముందు పోయి, పైకప్పు కొట్టి చూసి, గాలి పరీక్ష చేసి, అప్పుడు గాని వాళ్ళను పనిలోకి రానివ్వని మనిషి. అందుకోసం ఆయన చేతిలో ఇత్తడి సేఫ్టీ దీపం ఉండేది. వత్తిని చిన్నగా చేసి మెల్లగా పైకి ఎత్తితే, కప్పుకింద మండే గాలి చేరి ఉన్నచోట మంటమీద లేత నీలం టోపీ పుడుతుంది. కిందికి దించినప్పుడు మంట కుంగి ఆరిపోతే, అక్కడ ఊపిరికి పనికిరాని బరువు గాలి కూర్చున్నదని గుర్తు. నీలం టోపీ వస్తే పరుగెత్తు, మంట కుంగితే వెనక్కి రా, మంట నిటారుగా ఉంటే పని చేసుకో. బాపు చదువు ఏడో తరగతి. ఈ మూడు ముక్కలమీద ఆయన ఎంతోమంది ప్రాణాలు కాచాడు. ఆయన షిఫ్టు అంటే మనుషులు నిమ్మళంగా దిగేవాళ్ళని మా అవ్వ, అంటే మా అమ్మ, నల్లా దగ్గర గొప్పగా చెప్పుకునేది.

బాయి దీపం ఇంటికి తేవడానికి లేదు. డ్యూటీ దిగగానే లాంప్‌రూములో ఇచ్చి రావాలి. అందుకని బాపు ఇంట్లో కందిలితోనే మాకు బడి పెట్టేవాడు. వెల్లుల్లి, కిరసనాయిలు, తడి బొగ్గు కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆ బడే యాదికొస్తుంది. కందిలి లాంతరు గాజు తీసి, ఖాళీ నీళ్ళ గాబులోకి దించి, "చూడు బిడ్డా, మంట ఏమంటున్నదో" అనేవాడు. మంట ఏదో అంటుందనే మాట నాకు అక్కడే పట్టుకుంది. కేజ్‌లో బాయిలోకి దిగేటప్పుడు కడుపు పైకి లేచినట్టు ఎందుకనిపిస్తుందో మంచం మీదినుంచి నన్ను దూకించి చెప్పాడు. ఎండకాలం కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో నా చేతిమీద నీళ్ళు చల్లి ఊది చెప్పాడు. తెలియనిది తెలియదనేవాడు. బాయి అడుగునుంచి చూస్తే పట్టపగలే చుక్కలు కనపడతాయని ఎవరో అంటే, నేను నిజమా అని అడిగాను. మూడు రోజులు మెడ నొప్పి పుట్టేదాకా కేజ్ దగ్గర నిలబడి పైకి చూసి వచ్చాడు. "ఉత్తదే బిడ్డా. రూపాయి బిళ్ళంత మొగులు కనపడ్తది. చుక్క లేదు, గిక్క లేదు" అన్నాడు. ఒక ఆరేడేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు మూడు రోజులు మెడ నొప్పించుకున్న మనిషి అబద్ధం ఆడతాడని ఎవరైనా చెబితే, నేను వాళ్ళ మొహం మీదే నవ్వేదాన్ని.

మా కాలనీలో ప్రతి ఇంటిముందు సిగిడి ఉండేది. పాత ఇనుప బకెట్టుకు కింద కన్నం కొట్టి, లోపల మట్టి మెత్తి చేసింది. పొద్దుగూకే వేళ ఆడవాళ్ళందరూ సిగిళ్ళు వాకిట్లో పెట్టి అంటిస్తే, గల్లీ అంతా పచ్చటి పొగ కమ్మి ఎదుటి మనిషి కనపడేవాడు కాదు. గొంతు మండేది, కళ్ళనీళ్ళు కారేవి, ఆరేసిన బట్టలన్నీ పొగ కంపు. అరగంటకు పొగ పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడేవి. అప్పుడు గుడ్డ పట్టుకుని సిగిడిని లోపలికి తెచ్చేవాళ్ళు. పొగ పోతే కీడు పోయినట్టే అని కాలనీ అంతటి నమ్మకం. బాయిలో పనిచేసేవాళ్ళు, బొగ్గు గురించి మాకు తెలియనిదేముందని అనుకునేవాళ్ళు. అలా అనుకున్నవాళ్ళలో మా బాపు మొదటివాడు.

నేను ఐదో తరగతిలో ఉన్న వానకాలం మా సరోజన చిన్నమ్మ కాన్పుకు మా క్వార్టరుకు వచ్చింది. అవ్వకు ఒక్కతే చెల్లె. వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ, ముందే వచ్చి పెత్తనం చేతిలోకి తీసుకుంది. చిన్నమ్మ నాకంటే పదేళ్ళు పెద్దదేమో, అంతే. నాతో అష్టాచెమ్మా ఆడి దొంగాట ఆడేది. బాపును "ఓ బావా, నీ దీపం పెట్టి చూడు, నా కడుపుల పోరడా, పోరియా?" అని ఆటపట్టించేది. బాపు నవ్వి, "నా దీపం గాలినే చూస్తది. గీ లోపటి సంగతి దానికి తెల్వది" అనేవాడు. దవాఖానలో కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డలను రెండో అర్రలో పెట్టారు.

బాలింతకు గాలి సోకొద్దని అమ్మమ్మ శాసనం. చిన్నమ్మ తలకు, చెవులకు గుడ్డ చుట్టింది. వెల్లుల్లి కారం, బాలింతలకు నూరి పెట్టే కాయం తప్ప ఏమీ పెట్టనిచ్చేది కాదు. మంచం కింద మూడుపూటలా నిప్పులు ఉండాలి. ఊళ్ళోనైతే పిడకలు, కట్టెబొగ్గుల కుంపటి. మా దగ్గర బాయి బొగ్గు కుప్పలుగా ఉండగా కుంపటి ఎందుకని సిగిడినే పెట్టారు. పొగ పూర్తిగా పోయినంకనే లోపలికి తెచ్చేవారు, అందులో అమ్మమ్మ చాలా నియమం. ఆ వారం ముసురు పట్టింది. ఎడతెరిపి లేని వాన, చలిగాలి. అమ్మమ్మ కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కింది, గోడమీది వెంటిలేటరు కన్నాన్ని పాత చీరతో మూసింది. అర్ర వెచ్చగా, చిన్నగా, ఇంగువ వాసనతో నిండి ఎంతో బాగుండేది. బడినుంచి రాగానే నేను నేరుగా అందులోనే దూరి చిన్నమ్మ పక్కన పడుకునేదాన్ని.

రెండో రోజుకు నాకు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర సుత్తితో కొట్టినట్టు. చిన్నమ్మ కూడా తల పట్టుకుంది, వాంతి చేసుకుంది. అమ్మమ్మ దిష్టి తీసింది. మరునాడు బడికి పోతే మధ్యాహ్నానికి నా నొప్పి మాయం. సాయంత్రం అర్రలో పడుకోగానే మళ్ళీ వచ్చింది. వాకిట్లో కూర్చుంటే పోయింది. లోపలికి పోతే వచ్చింది. ఆ తర్వాత నేను ఎన్నో ప్రయోగాలు చేశాను, చేయించాను, పుస్తకాలలో రాశాను. నా జన్మలో చేసిన సరైన ప్రయోగం అదొక్కటే. అది ప్రయోగమని కూడా అప్పుడు నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున బాపు ఇంట్లోనే ఉన్నాడు, ఆ వారం రెండో షిఫ్టు. నేను బడి సంచి తగిలించుకుని ఆయన దగ్గరికి పోయి చెప్పాను.

"బాపూ, ఆ అర్రల పంటె తలకాయ నొస్తున్నది. బయటికొస్తె పోతున్నది. చిన్నమ్మకు గూడ గంతే. కిటికీ తెరువుమని అమ్మమ్మకు చెప్పరాదు."

బాపు నన్ను తీసిపారేయలేదు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. చాయ్ గిలాస కింద పెట్టి లేచాడు. కందిలి తెచ్చి, వత్తి సరిచేసి వెలిగించాడు. బాయిలో ఎలా చేసేవాడో అలాగే చేశాడు. మంటను చిన్నగా చేసి, ఊపిరి బిగపట్టి, కప్పుదాకా మెల్లగా ఎత్తాడు. నీలం లేదు. తర్వాత మంచం కిందికి, సిగిడి పక్కకు, నేలకు ఆనేదాకా దించాడు. మంట కుంగలేదు, ఎర్రబడలేదు, నిటారుగా నిలబడింది. చిన్నమ్మ మంచం మీదినుంచి నీరసంగా నవ్వి, "ఏమంటున్నది బావా నీ దీపం?" అంది.

"మంచిగున్నది గాలి. బాయిల గింత మంచి గాలి దొరుకుతె మావోళ్ళు డ్యూటీ దిగకుండ ఆడనే పంటరు" అన్నాడు. నా నెత్తిమీద చెయ్యి పెట్టి, "చూసినవ్ గద బిడ్డా. ఫికర్ చెయ్యకు. కడుపు ఖాళీగ ఉంటె గట్లనే నొస్తది. జల్ది తిని బడికి పో" అన్నాడు.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, చిన్నమ్మ "జర తలుపన్న తెరిచి పోవే" అంటే, గాలి మంచిగానే ఉన్నదని బాపు చెప్పాడు కదా అని, తలుపు దగ్గరగా వేసి పోయాను. అర్ర మబ్బుగా ఉందని కందిలిని బాపు గూట్లోనే పెట్టి వదిలేశాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి వెనక సాయబాను చూరు కింద మంత్రసాని పసిపిల్లకు నూనె రాస్తున్నది. ఆ పిల్లకు కడుపులో నొప్పేమో, ఆ రోజు ఏడుపు ఆపకపోతే, పొద్దుటినుంచి అక్కడే ఒళ్ళో పెట్టుకుని ఊపుతున్నదట. ఆ ఏడుపే దాన్ని బతికించింది. అవ్వ కారం నూరుతూ, చిన్నమ్మను బువ్వకు లేపుమని నన్ను పంపింది. లోపలికి పోయాను. చిన్నమ్మ ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి, పెదవులు కూడా. కాన్పయినప్పటి నుంచి పాలిపోయి ఉన్న మొహానికి అంత రంగు ఎప్పుడూ చూడలేదు. పిలిచాను, పలకలేదు. అమ్మమ్మ నా వెనకే వచ్చి చూసి, "లేపకే, పండనియ్యి. మొకం చూడు, ఎంత కళ వచ్చిందో. నా కాయం ఊకెనే పోతదా" అని మురిసింది. అవ్వ చేతులు తుడుచుకుని వచ్చి తనూ చూసింది. పక్కింటామెను పిలిచి చూపించింది. నలుగురు ఆడవాళ్ళం ఆ మంచం చుట్టూ నిలబడి, బాలింతకు ఎంత కళ వచ్చిందని చెప్పుకుని మురిసిపోయాం. నేను చిన్నమ్మ బుగ్గమీద ముద్దు కూడా పెట్టాను. అది వెచ్చగానే ఉంది. సిగిడి వేడికి వెచ్చగా ఉంది.

డ్యూటీకి తయారవుతున్న బాపు ఆ మాటలు విని గుమ్మంలోకి వచ్చాడు. బాయిలో మంటలంటుకున్నప్పుడు ఊపిరాడక పోయినవాళ్ళను మోసుకొచ్చిన మనిషి. ఆ రంగు ఆయన ఎక్కడో చూశాడు. నోట్లోంచి ఒక రకమైన శబ్దం వచ్చింది, మాట కాదు. మమ్మల్ని నెట్టుకుని పోయి చిన్నమ్మను రెండు చేతులా ఎత్తి వానలోకి ఉరికాడు. కిటికీలోని గోనెసంచులు పీకుమని అరిచాడు. వాకిట్లో బురదలో పడుకోబెట్టి గుండెమీద నొక్కాడు, పేరు పెట్టి పిలిచాడు. నేను తలుపు పట్టుకుని లోపలికి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. గూట్లో కందిలి వెలుగుతూనే ఉంది. మంట నిటారుగా, చక్కగా, పొద్దున ఎట్లా ఉందో అట్లానే ఉంది. 

దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాడు. గదిలో బొగ్గులు పెట్టారా అని బాపును అడిగాడు. బాపు తల ఊపాడు. పొగలేని నిప్పులోంచి వచ్చే గాలి అది, వాసన రాదు, కంటికి కనపడదు, దీపం ఆర్పదు, రక్తంలో దూరి ఊపిరి చోటును పట్టుకుంటుంది, అందుకే ఆ రంగు అని చెప్పాడు. నేను బాపు చొక్కా పట్టుకుని పక్కనే ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. ఇంటికి వచ్చాక చుట్టాలు, కాలనీవాళ్ళు చేరి డాక్టరు ఏమన్నాడని అడిగారు. బాపు నోరు విప్పలేదు. అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ, "బాలింత గుణం కొట్టిందయ్యా నా బిడ్డకు" అని ఏడ్చింది. బాలింతలకు వచ్చే ఆ మాయరోగమేనని అందరూ తలలూపారు. నాకు ఆగలేదు. అందరిముందు అన్నాను.

"బాపూ, నేను పొద్దుగాల చెప్పిన గద, కిటికీ తెరువుమని."

బాపు నా దిక్కు చూశాడు. మెల్లగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. "నువ్వేం చెప్పలే బిడ్డా."

పోరికి భయం పట్టిందని ఎవరో నన్ను పక్కకు తీసుకుపోయి నీళ్ళు తాగించారు. పగటి చుక్క ఉందో లేదో అని మూడు రోజులు మెడ నొప్పించుకున్న మనిషి, నా మొహం చూసి అబద్ధం ఆడాడు. చిన్నమ్మ పోయిందన్న దెబ్బ ఒకటి. ఇది రెండోది. ఏది పెద్దదని నన్ను అడగకండి.

ఆ తర్వాత మా ఇంట్లో కందిలి బడి మూతపడింది. పసిపిల్ల మా దగ్గరే పెరిగింది, రమ అని పేరు పెట్టారు. దాని తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పోయాడు. రమకు తల్లి బాలింత గుణంతో పోయిందనే చెప్పారు. ఏడాది తిరక్కుండానే బాపు బాయిలో సర్దార్ పని వదిలి, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే ట్రైనింగ్ సెంటరుకు, బాయి పైన పనికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులని అవ్వ అందరికీ చెప్పింది. నేను మాత్రం, ప్రాణభయం పట్టి పైకి వచ్చాడు, పిరికివాడు అనుకున్నాను. నోటితో అనలేదు గాని, అన్నంత పని చేశాను. మాట తగ్గించాను. ఫిజిక్సు కసిగా చదివాను. కాలేజీలో ఆ గాలి పేరు పుస్తకంలో చూసిన రోజు, దీపం ఎందుకు ఆరలేదో అర్థమైంది. ఆ దీపం తనను అడిగిన రెండు ప్రశ్నలకు నిజమే చెప్పింది. మూడో ప్రశ్న అడగడానికి ఆ పనిముట్టు పుట్టలేదు. అదే మాట నా ప్రతి క్లాసులోనూ చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. బాపు పోయినప్పుడు కూడా నాకు ఏడుపు సరిగా రాలేదు. ఒక్కసారన్నా 'నువ్వు చెప్పినవ్ బిడ్డా' అంటాడేమోనని ఆఖరిరోజుల్లో మంచం పక్కన కూర్చున్నాను. అనలేదు.

ఇప్పుడు ఆ కాలనీలో సిగిడి లేదు. గ్యాసు పొయ్యిలు, కరెంటు హీటర్లు. పొద్దుగూకితే పొగ లేదు, ఆ పొగకు తిట్టుకునే ఆడవాళ్ళు లేరు. బాయిల్లో మెడలో వేసుకునే చిన్న డబ్బా దానంతట అదే గాలిని చూసి కూత పెడుతుంది, ఆ మూడో గాలికి కూడా కూత పెడుతుంది. జనం ఎక్కువగా ఓపెన్‌కాస్టు చుట్టూ దుమ్ము మింగుతూ బతుకుతున్నారు, అది వేరే కథ. ఆ డబ్బా అప్పుడుంటే చిన్నమ్మకు ఇప్పుడు మనుమలు, మనుమరాండ్లు ఉండేవాళ్ళు. అయినా ఆ డబ్బాను చూసినప్పుడల్లా నాకు సంతోషం కంటే ముందు కోపమే వస్తుంది. డబ్బా కంటే ముందు ఒక పిల్ల కూత పెట్టింది.

ఇక ఆ బడి సంగతి. గంట కొట్టాక నేను సంచి సర్దుకుంటుంటే, మనుమరాలి కోసం వరండాలో నిలబడ్డ ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. తెల్లగడ్డం, తలమీద టోపీ. పేరు సలీం అని, బాయిలో పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు.

"దీపానికి కనపడని గాలి అన్నరు గద మేడం. కిటికీల కెల్లి ఇన్న. గా మాట మా ఉస్తాద్ చెప్పేటోడు. మేం కొత్తగ భర్తీ అయినప్పుడు, ట్రైనింగుల. రాజయ్య సర్దార్."

నేను బెంచీమీద కూర్చుండిపోయాను. రాజయ్య మా బాపు అని చెప్పలేదు. ఏం చెప్పేవాడని మాత్రం అడిగాను.

"ప్రతి బ్యాచుకు ఒక్క దినం అదే పాఠం, మేడం. దీపం చేతుల పట్టుకొని ఏడ్సుకుంట చెప్పేటోడు. గంత పెద్దమనిషి ఏడుస్తుంటె మేమందరం గుడ్లప్పగిచ్చి చూసుడే. 'గాలి చూసుట్ల నా అసొంటోడు లేడనుకున్న. నా మరదలును నా దీపంతోని సంపుకున్న. బాయిల నిప్పంటుకుంటె వచ్చే గాలి సంగతి నాకెర్కే. రెస్క్యూ వాళ్ళు పిట్టను ఎందుకు కొంచవోతరో ఎర్కే, ఆ గాలికి ముందుగాల పిట్టనే పడిపోతది. అది బాయిలనే ఉంటదనుకున్న. మా ఇంట్ల మూడుపూటల నిప్పే గదరా ఉన్నది' అనేటోడు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"ఇంకోటి చెప్పేటోడు మేడం. 'నా బిడ్డ చెప్పిందిరా. లోపట నొస్తున్నది, బయట పోతున్నది అన్నది. గింతంత పోరి. నేను మంటను నమ్మిన, బిడ్డను నమ్మలే. మల్ల పదిమందిల అడిగితె, నువ్వేం చెప్పలే అని దాన్నే అబద్ధాలదాన్ని జేసిన. భయమైంది. ఆ బిడ్డ ముందట నిలవడే మొకం నాకు లేదు, అందుకే మీకు చెప్తున్న' అని. అప్పుడు మాతోని అనిపిచ్చేటోడు, గట్టిగ, మూడుసార్లు. తలకాయ నొస్తున్నదని ఎవలన్న అంటె దీపం చూడొద్దు, మనిషిని బయటికి తియ్యాలె అని. నేను నా షిఫ్టుల రెండుమార్లు గట్ల తీసిన. ఒక్కసారి ఉత్తదే అయింది, సాబ్ తిట్టిండు. ఇంకోసారి ఉత్తది కాలే, మనిషి దక్కిండు."

ఆయన మనుమరాలి చెయ్యి పట్టుకుని పోయాడు. నేను ఆ ఖాళీ క్లాసులో చీకటి పడబోయే దాకా కూర్చున్నాను. నాకు ముందుగా వచ్చింది కోపం. ఊరూ పేరూ లేని వందలమంది ముందు ఏడ్చినవాడికి, పక్క అర్రలో పడుకున్న నా దగ్గరికి పది అడుగులు వేయడానికి కాళ్ళు రాలేదా? పిరికివాడని నేను అనుకున్నది నిజమే అయింది, కాకపోతే వేరే రకంగా. ఆయన భయపడింది బాయికి కాదు, నాకు.

మరునాడే నస్పూర్‌లో ఉంటున్న రమ ఇంటికి పోయాను. అది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, తలలో సగం తెలుపు. ఇంక దాచేది లేదని అంతా చెప్పాను, సిగిడి, కందిలి, నేను తలుపు దగ్గరగా వేసి పోయిన సంగతి కూడా. అది ఏడుస్తుందనో, తిడుతుందనో అనుకున్నాను. చేతిలోని చాట కింద పెట్టింది. తర్వాత అంది.

"అక్కా, నా పెండ్లయి అప్పగింతలప్పుడు బాపు ఒంగి నా కాళ్ళమీద చెయ్యి పెట్టిండు. ఎవలు చూడలే. నేను నా కాలి చెప్పు సరిచేస్తుండనుకున్న. ఉండనియ్యి బాపూ, నేను చేసుకుంట అన్న."

రమ కాళ్ళు పట్టుకున్నాడు, బ్యాచు తర్వాత బ్యాచుకు మొరపెట్టుకున్నాడు. నాకు ఒక్కదానికే బాకీ ఉంచుకుని పోయాడు. ఆయన లేడు కాబట్టి నేనే ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎవరూ నువ్వేం చెప్పలే అనకుండా. ఆ పొద్దున నేను చెప్పాను బాపూ. నువ్వు విన్నావు.